పక్క సీటుకు ఫస్టు క్లాసు

ఫోను మోగేసరికి మా ఆవిడ మంచం అంచున కూర్చుని కుడికాలి సాక్సుతో కుస్తీ పడుతోంది. ఆ కాలి మోకాలు ఆసుపత్రివాళ్ళు అమర్చింది, లోహంది. కుర్చీలో కూర్చునేంతవరకు వంగుతుంది, ఆపైన ససేమిరా అంటుంది. అందుకని సాక్సును ఒక ప్లాస్టిక్ దొప్పకు తొడిగి, దాని రెండు తాళ్ళు చేత్తో పట్టుకుని నేలమీదికి వదిలి, పాదం అందులోకి దూర్చి, పైకి లాగుతుంది. చూస్తే గేలం వేసి చేప పడుతున్నట్టే ఉంటుంది. నేను సాయం చేయకూడదు. పెళ్ళయిన మొదటి వారంలోనే ఈ శాసనం వెలువడింది. కాబట్టి ఇస్త్రీపెట్టె పట్టుకుని, చొక్కాను ఒకే చోట రుద్దుతూ, దొంగచూపులు చూస్తున్నాను.

"చొక్కా మాడుతుంది," అంది తల ఎత్తకుండానే. "ముందు ఫోనెత్తండి."

ఎత్తాను. ఆసుపత్రి నర్సు.

"స్కాన్ రిపోర్టు వచ్చిందండీ. శుభ్రంగా ఉంది. కాల్లో గానీ, ఊపిరితిత్తుల్లో గానీ ఏమీ లేదు. డాక్టరుగారు చూశారు."

"మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాను.

చెప్పింది. అదే మాట, అదే గొంతు.

"మూడోసారి కూడా చెప్పమంటారా?" అంది తనే. ఆ ఉద్యోగంలో మాలాంటివాళ్ళను చాలామందిని చూసి ఉంటుంది. చెప్పమన్నాను, ఈసారి స్పీకరు పెట్టి.

మా ఆవిడ తాళ్ళు వదల్లేదు. సాక్సు మడమ దాటి పైకి వచ్చేదాకా లాగి, అప్పుడు వెనక్కి వాలిపోయింది. ఒక కాలికి సాక్సు, ఒక కాలికి లేదు. తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ నవ్వింది. ముందు పెదాలతో, తర్వాత భుజాలతో, తర్వాత మంచమంతా కదిలేలా. నేనూ పక్కన పడి నవ్వాను. మా ఇద్దరి నవ్వులోకి కాలిన వాసన వచ్చింది. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం, ముక్కుతో సహా, గోధుమరంగులో అచ్చు పడింది.

"ఇదే వేసుకుంటాను," అన్నాను.

"వేసుకోండి. మధ్యాహ్నం కొలతలకు వెళ్ళాలి కదా, మిమ్మల్ని చూసి నా పక్కన ఎవరూ నిలబడరు," అంది.

ఆ కొలతల మాట అనగానే ఆమె ముఖంలో నవ్వు సర్దుకుని కూర్చుంది. స్కాన్ శుభ్రంగా వస్తే ఆ రోజే ఫిజియో మేడం కాలు ఎంత పనిచేస్తుందో, మనిషి ఎలా బతుకుతోందో కొలుస్తారు. నాకు స్కానే పరీక్ష. ఆమెకు మాత్రం అసలు పరీక్ష మధ్యాహ్నం.

ఎందుకో తెలియాలంటే మా పరిచయం సంగతి చెప్పాలి. అడక్కపోయినా చెప్పేవాణ్ణే.

నేను కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. అందుకు కాలేజీలో చదివి పట్టా కూడా తెచ్చుకున్నాను. మా షాపు పై అంతస్తులో డ్రైవింగ్ స్కూలు. దాని యజమాని ఒకప్పటి బస్సు డ్రైవరు, ఇప్పుడు మా మామగారు. లైసెన్సుకు వెళ్ళేవాళ్ళను ముందు కళ్ళ పరీక్షకని కిందికి పంపేవారు. వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేది ఆయన కూతురు, ఆ స్కూల్లో పాఠాలు చెప్పే మేడం. అంతవరకు నాకు డ్రైవింగ్ నేర్చుకోవాలన్న కోరిక లేదు. ఆమె రెండోసారి మెట్లు దిగి వచ్చేసరికి పుట్టింది.

స్కూలు బండిలో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తొక్కాల్సిన చోట తొక్కకపోతే నేర్పేవాళ్ళు తొక్కుతారు. నా పాఠాల్లో ఆ రెండో బ్రేకుదే పెత్తనం. పావురాలకు తొక్కింది, ఆగి ఉన్న లారీకి తొక్కింది, అప్పుడే రంగు వేసిన గోడకు తొక్కింది. పాఠం చివర పదికి ఇన్నని మార్కులు వేసేది. నాకు మూడు. ఎండ పలచగా ఉండి, రోడ్డు ఖాళీగా ఉండి, నా అదృష్టం బాగుంటే నాలుగు. ఆమె దగ్గర నేర్చుకుని ఇప్పుడు అంబులెన్సు నడుపుతున్న మనిషికి కూడా ఏడు దాటలేదట.

"కష్టమేమీ లేదు మేడం అన్నవాడే గోడకు గుద్దుతాడు," అనేది. "కొంచెం కష్టంగా ఉంది అన్నవాడు చూసి నడుపుతాడు."

కొన్నాళ్ళకు ఆమె కుడి మోకాలి పైన నొప్పి మొదలైంది. నా నిర్వాకమేనని అందరూ తీర్మానించారు. కాబోయే మామగారు, అప్పటికి ఆ సంగతి ఆయనకు తెలియదు, నన్ను పైకి పిలిచి, "బాబూ, మీకు బ్రేకు తొక్కీ తొక్కీ మా అమ్మాయి కాలు అరిగిపోతోంది. కాస్త దయ చూడండి," అన్నారు. సిగ్గుతో పాఠాలు మానేశాను. నేను మానినా నొప్పి మానలేదు. పరీక్షలు చేస్తే తొడ ఎముక కింది చివర కణితి. క్యాన్సర్.

నేనూ ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరుగారిని నేను అడిగిన మొదటి ప్రశ్న, "బ్రేకు ఎక్కువగా తొక్కడం వల్ల వచ్చిందా?" ఆయన కాదన్నారు. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంతకీ మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?" అన్నారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు సంపాదించడానికి నాకు ఏడాది దాటింది.

మందులు, ఆపరేషను, మళ్ళీ మందులు. కాలు తీసేయకుండా, చెడిన ఎముక మాత్రం తీసి, దాని చోట లోహపు ఎముకా కీలూ అమర్చారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, వస్తూ వస్తూ ఉంగరాలు తిరిగి వచ్చింది. ఒక సాయంత్రం ఆ ఉంగరాలు చూస్తూ నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాను. "రివర్సు రాని మనిషినా?" అంది. "ఈ విషయంలో వెనక్కి వెళ్ళే ఉద్దేశం లేదు," అన్నాను. కాసేపు ఆలోచించి ఐదు మార్కులు వేసింది. నా జీవితంలో అదే రికార్డు.

ఇప్పుడు ఆమె స్కూల్లో బోర్డు దగ్గర నిలబడి రోడ్డు గుర్తులు మాత్రమే నేర్పుతుంది. పక్క సీటు మామయ్యగారు తన కింద పెట్టుకున్నారు. అడిగిన ప్రతిసారీ "స్కాన్ రానీ తల్లీ," అనేవారు. స్కాన్ దగ్గరపడేసరికి కొత్త మెలిక పెట్టారు.

"ఆసుపత్రిలో కాలికి మార్కులు వేస్తారటగా. ఫస్టు క్లాసు వచ్చిందనుకో, సీటు నీది. రాకపోతే బోర్డు దగ్గరే. సరేనా?"

"మాట తప్పకూడదు నాన్నా."

"బస్సు డ్రైవరు మాట."

ఆయన స్కూలు చదువులో ఆఖరి పరీక్ష రెండుసార్లు తప్పారు. అందుకే మార్కులంటే ఆయనకు అపారమైన గౌరవం. ఆమేమో మాటంటే మాటే అనే రకం. ఇలా ఇద్దరూ కలిసి ఆ పక్క సీటును తీసుకెళ్ళి ఆసుపత్రి కాగితాల మీద కూర్చోబెట్టారు.

స్కాన్ సంగతి చెబితే మామయ్యగారు "సరే" అన్నారు. అంతే. కిందికి దిగి స్కూలు బండి కడగడం మొదలుపెట్టారు. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా ఆయన బండి కడుగుతారు. ఆపరేషను నాడు కడిగిన తీరుకు ఒక చోట రంగు లేచిపోయింది. ఇవాళ చక్రాల మధ్య మట్టి కూడా గోటితో తీశారు. మధ్యాహ్నం ముగ్గురం అందులోనే బయలుదేరాం. ఆయన నడిపారు, ఆమె వెనక కాలు చాపుకుని కూర్చుంది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. నా పాదాల దగ్గర ఆ రెండో బ్రేకు ఉంది. తగలకుండా కాళ్ళు ముడుచుకున్నాను. వేరేవాళ్ళ కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది.

కొలతల గది పొడుగ్గా, వెలుతురుగా ఉంది. ఒక మూల ఎక్కడికీ వెళ్ళని చెక్క మెట్లు, నాలుగు ఎక్కి నాలుగు దిగడానికి. నేల మీద నీలం పరుపు. గోడ పక్కన బరువు తూచే యంత్రం. ఫిజియో మేడం పొట్టిగా, చురుగ్గా, మెడలో వాచీ వేలాడేసుకుని ఉంటారు. మామయ్యగారిని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. నాకు మూల కుర్చీ చూపించి, "మాట్లాడనంటే ఉండొచ్చు," అన్నారు.

మా ఆవిడ నడిచింది. మెట్లు పక్క కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది, వేళ్ళు దానిమీద ఆనించి దిగింది. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచింది. పరుపు మీద కూర్చుని, ఒక పక్కకు ఒరిగి, ఎడమకాలు కిందికి లాక్కుని లేచింది. చివర మేడం ఆ బరువు యంత్రాన్ని ఆమె కుర్చీ ముందు గోడకు ఆనించి వాలుగా పెట్టారు.

"ఇది నీ బ్రేకనుకో. నేను చప్పట్లు కొట్టగానే తొక్కు."

చప్పట్లు ఇంకా పూర్తి కాలేదు, యంత్రం గోడకు కొట్టుకుంది. ముల్లు గిర్రున తిరిగింది. మేడం వంగి చూసి, "ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి, ఇంకోసారి, చాలాసార్లు తొక్కించారు. ముల్లు ఒకే చోటికి వెళ్తోంది. మాట్లాడనని ఒప్పుకున్నాను కాబట్టి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను.

తర్వాత రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి కాలి గురించి. సాక్సు తొడుక్కోవడం, మెట్లెక్కడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, కారు ఎక్కి దిగడం, ఇలా ఒక్కో పనీ రాసి, ఎంత కష్టమో టిక్కు పెట్టమంటారు. కష్టమేమీ లేదు దగ్గర మొదలై అసలు చేయలేను దాకా గళ్ళుంటాయి. రెండోది బతుకు గురించి. నిద్ర, భయం, నలుగురిలోకి వెళ్ళడం, సంతోషం. మేడం పక్క గదిలోకి వెళ్ళగానే నేను కుర్చీతో సహా కొంచెం కొంచెంగా జరిగాను.

"కాపీ కొడుతున్నారా?" అంది.

"ఊరికే చేతిరాత చూస్తున్నాను."

"టిక్కులకు చేతిరాతేమిటి?"

చూస్తే అన్నిటికీ వరసగా కొంచెం కష్టం. కారు ఎక్కడం కొంచెం కష్టం, దిగడం కొంచెం కష్టం, కుర్చీలో కూర్చోవడం కూడా కొంచెం కష్టం. ఏడు దాటని ఆ చెయ్యి తన కాలికీ ఏడు దాటనివ్వడం లేదు. నోరు కట్టేసుకున్నాను. రెండో కాగితంలో, గత వారంలో మీరు ఎంత సంతోషంగా ఉన్నారు అన్న ప్రశ్న వచ్చింది. మెడ చాచి చూశాను. గత వారం మేమిద్దరం కొత్త గొడుగు కొనుక్కుని, వాన లేకపోయినా వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం. గత వారం ఆమె నాకు దువ్వెన అప్పివ్వనని అలిగి, తర్వాత రెండు దువ్వెనలు తెచ్చింది. అలాంటి వారానికి ఆమె ఓ మోస్తరుగా అని టిక్కు పెట్టింది.

"ఓ మోస్తరా?" అన్నాను.

"మాట్లాడనన్నారు."

మేడం వచ్చి కాగితాలు తీసుకుని, ఒక పక్క తను రాసుకున్నవీ, మరో పక్క ఈ టిక్కులూ పెట్టుకుని చూశారు. కనుబొమలు దగ్గరయ్యాయి. నన్ను కిటికీ దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"ఏం బాబూ, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" గొంతు తగ్గించారు. "నేను చూసిన కాలు బాగా పనిచేస్తోంది. అమ్మాయి రాసింది చూస్తే నూటికి అరవై లోపే వస్తోంది. సంతోషం కూడా అంతంతమాత్రమే అంటోంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరికి ఒళ్ళు బాగుపడుతుంది, మనసు కుదుటపడదు. మీ అమ్మగారితో సర్దుకోలేకపోతోందా?"

"మా అమ్మా, ఈవిడా ఒక జట్టు మేడం. వాళ్ళిద్దరితో సర్దుకోలేకపోతున్నది నేను."

"మరి?"

అరవైకి కింద. అంటే ఫస్టు క్లాసు పోయింది. తలుపుకున్న గాజులోంచి మామయ్యగారి ముక్కు కనిపిస్తోంది. నేను మేడంకి అంతా చెప్పాను. పావురాలు, పదికి మూడు, అంబులెన్సు మనిషికి ఏడు, కష్టమేమీ లేదన్నవాడు గోడకు గుద్దడం, మామయ్యగారి మెలిక. మేడం సగంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత వెళ్ళి మా ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నువ్వు మార్కులు వేస్తున్నావటగా."

"మీరు వేయమన్నారుగా?"

"నేను ఎలా ఉందో చెప్పమన్నాను. మెట్లు ఎక్కేటప్పుడు ఆగావా?"

"లేదు."

"నొప్పి?"

"లేదు."

"భయం వేసిందా?"

"ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు కాస్త."

"మరి రెంటికీ ఒకటే టిక్కు ఎందుకు పెట్టావు?"

మా ఆవిడ ఆలోచించింది. "ఎక్కడం ఇంకా బాగా ఎక్కొచ్చు మేడం. ఆపరేషనుకు ముందు రెండేసి మెట్లు ఎక్కేదాన్ని."

"నేను ఎప్పుడూ రెండేసి ఎక్కలేదు. నాకూ కొంచెం కష్టమని రాయనా?" అన్నారు మేడం. "నువ్వు ఎక్కువ వేసుకుంటే సంతోషపడను, తక్కువ వేసుకుంటే మెచ్చుకోను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏ కాలికి ఏ పని నేర్పాలో నాకు తెలియాలి కదా."

ఇక ఆగలేకపోయాను. "మా షాపులో కూడా ఇంతే మేడం. ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడిగితే, ఏది చెబితే పాసవుతామో అని నా ముఖం చూస్తారు. మా మామయ్యగారైతే బోర్డు మీద అక్షరాలన్నీ కంఠస్థం చేసి వచ్చారు. నేను బోర్డు తిరగేసినా పాత అక్షరాలే చదివారు."

తలుపు బయట దగ్గు వినిపించింది.

"మాట్లాడనన్నారు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె పెన్ను తీసుకుంది. "అబద్ధం మాత్రం రాయను," అంది.

"రాయొద్దు," అన్నారు మేడం.

ఒక్కో ప్రశ్న చదువుకుంటూ దిద్దింది. కారు ఎక్కడం కష్టమేమీ లేదు. కూర్చోవడం కష్టమేమీ లేదు. ఆ టిక్కు పెట్టేటప్పుడు, అప్పు ఇస్తున్న మనిషిలా ఒక క్షణం ఆగింది. నాకు గాల్లో తేలినట్టయింది. అంతలో మోకాళ్ళ మీద కూర్చోవడం దగ్గరికి వచ్చి, కొంచెం కష్టం కొట్టేసి, చాలా కష్టం అని పెట్టింది.

"అదేమిటి?" అన్నాను.

"చెప్పు మంచం కిందికి పోతే చీపురుతో లాక్కుంటాను. చీపురు పడగ్గదిలో ఎందుకుంటుందనుకున్నారు?"

మా ఆవిడకు శుభ్రం ఎక్కువ అనుకున్నాను. ఆ సంగతి మా షాపులో అందరికీ గొప్పగా చెప్పాను కూడా.

జబ్బు మళ్ళీ వస్తుందన్న భయం అనే ప్రశ్న దగ్గర పెన్ను ఒక గడి మీది నుంచి ఇంకో గడి మీదికి తిరిగింది. "పొద్దున ఫోను వచ్చేదాకా చాలా," అంది మెల్లిగా, ఎవరికీ కాకుండా. "ఇప్పుడు కొంచెం." కొంచెం అని పెట్టింది. దాన్ని నేను కొట్టేయమని అనలేదు. రోజూ రాత్రి ఆమెకంటే ముందు నిద్రపోయే మనిషిని నేను. ఇకనుంచి పోటీ పడి మేలుకుని ఉండాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

సంతోషం ప్రశ్న వచ్చింది. నేను సరిగ్గా కూర్చున్నాను.

"ఇది మార్చను," అంది.

"ఎందుకమ్మా?" అన్నారు మేడం. "నీకు ఓ మోస్తరుగానే ఉందా?"

"చాలా ఉంది. కానీ కొత్తల్లోనే నిండా మార్కులు వేస్తే ఈయన చదవడం మానేస్తారు."

"ఉన్నది ఉన్నట్టు అన్నాను," అన్నారు మేడం, నవ్వు ఆపుకుంటూ.

మా ఆవిడ నావైపు చూడకుండా, కాగితాన్ని అరచేత్తో మూసి, ఏదో దిద్ది, తిరగేసి పెట్టేసింది. ఏం పెట్టిందో ఇప్పటికీ తెలియదు. ఆమె చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అవి చూసి నేను ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మేడం కూడికలు మొదలుపెట్టి ఆగిపోయారు. "ఈ రెండూ ఖాళీగా వదిలేశావేం?"

ఒకటి, మీ ఉద్యోగంలో చేయాల్సిన పనులు చేయడం ఎంత కష్టం. రెండోది, ఉద్యోగంలో పూర్తి సమయం పనిచేయడం ఎంత కష్టం.

"చేయనిస్తే కదా చెప్పడానికి," అంది మా ఆవిడ.

"నాకు వర్తించదు అన్న గడి ఉంది."

"వర్తిస్తుంది మేడం. అందుకే పెట్టలేదు." గొంతు పెరగలేదు గానీ, పెన్ను మూత పెట్టిన చప్పుడు గదంతా వినిపించింది. "ఆ గళ్ళో టిక్కు పెడితే నేను ఆ పని మానేసినట్టు. నేను మానేయలేదు."

మేడం లేచి తలుపు తీశారు. అప్పటిదాకా దానికి ఆనుకుని ఉన్న మామయ్యగారు దాదాపు లోపల పడ్డారు.

"ఎంత వచ్చింది?" అన్నారు నిలదొక్కుకుని.

"లెక్క వేయలేదు బాబాయ్."

"సుమారుగా చెప్పండి. ఫస్టు క్లాసేనా?"

"ఇందులో ఫస్టు క్లాసూ సెకండు క్లాసూ ఉండవు. పోయిన కొలతకూ ఈ కొలతకూ తేడా చూస్తాం. అది బాగుంది, చాలా బాగుంది. డాక్టరుగారు కూడా బండిలో కూర్చుని పనిచేయొచ్చనే రాశారు. కానీ రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. వాటి జవాబు మీ దగ్గర ఉంది."

"నా దగ్గరా? నేనేం చదువుకున్నానమ్మా."

"సీటు మీ దగ్గర ఉంది కదా. అమ్మాయి ఆ పని చేస్తేనే ఎంత అలసట వస్తుందో, ఎక్కడ నొప్పి వస్తుందో తెలిసేది. మీరేమో మార్కులొచ్చాక సీటు అంటున్నారు. సీట్లో కూర్చుంటే గానీ ఈ కొలత పూర్తికాదు."

మామయ్యగారు చెక్క మెట్ల మీద కూర్చున్నారు. చేతులు రెండూ స్టీరింగు పట్టుకున్నట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"అది పడిపోవడం చూశానమ్మా నేను," అన్నారు. "ఆపరేషనైన కొత్తల్లో, వరండాలో. పట్టుకోవడానికి నా చెయ్యి అందలేదు. వరండాలో అంటే పడింది, లేచింది. రోడ్డు మీద ఎదురొచ్చేవాడు ఆగుతాడా? ఎవడో నేర్చుకునేవాడి చేతిలో స్టీరింగు పెట్టి, దీని కాలు మీద భారమేసి పంపమంటే నా గుండె ఒప్పుకోవట్లేదు. ఫస్టు క్లాసు వస్తే ఒప్పుకుంటుందేమో అనుకున్నాను."

మా ఆవిడ లేచి, నడిచి వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నాన్నా, బండి ఎక్కకుండా ఎవరికైనా ఎప్పుడైనా మార్కులు వేశావా?"

ఆయన ఆలోచించారు. నిజంగానే వెతికారు, ఒక్కడైనా దొరుకుతాడేమోనని.

"లేదు," అన్నారు.

"నాకెందుకు వేద్దామనుకున్నావు?"

ఆయన జేబులోంచి తుడిచే గుడ్డ తీశారు. చుట్టూ చూసి, బండి లేదు కాబట్టి, ఆ చెక్క మెట్టునే తుడవడం మొదలుపెట్టారు. మేడం ఆయన్ని పిలిచి బరువు యంత్రం ముందు నిలబెట్టారు. మా ఆవిడను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టారు. ముల్లు గిర్రుమంది. మామయ్యగారు వంగి, కళ్ళజోడు పైకి జరిపి చూసి, "ఒకసారి నేను తొక్కుతాను," అని బూటు విప్పారు. తొక్కారు. ముల్లు ఆమె దాకా వెళ్ళలేదు. మళ్ళీ బూటు తొడుక్కున్నారు.

మేడం ఆ కాగితం లెక్క వేయకుండానే ఆమె చేతికిచ్చి, "పనిలో కుదురుకున్నాక ఆ రెండు గళ్ళూ నింపి తీసుకురా," అన్నారు. "ఎంత వచ్చినా నాకు ఫోను చేసి ఏడవొద్దు, గొప్పలు చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు."

బయటికి వచ్చాం. బండి ఎండలో మెరిసిపోతోంది. మామయ్యగారు తాళం తీసి కూడా ఎక్కకుండా, బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన మనసులో గేర్లు మారుతున్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అందుకని నేనే ముందు అందుకున్నాను.

"మామయ్యగారూ, మొదటి పాఠానికి స్టూడెంటుగా నేను కూర్చుంటాను. నాకంటే అధ్వాన్నంగా నడిపేవాడు ఊళ్ళో దొరకడు. నన్ను ఆపగలిగితే ఎవరినైనా ఆపగలదు."

"వద్దు అల్లుడూ," అన్నారు. "నువ్వు చేసే తప్పులు అమ్మాయికి అలవాటే. నువ్వు ఎప్పుడు తొక్కవో నీకంటే ముందు దానికి తెలుసు. అది పరీక్ష కాదు, సంసారం."

మా ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. కూతురి వైపు తిరిగి నిటారుగా నిలబడ్డారు.

"స్టూడెంటు సీట్లో నేను కూర్చుంటాను. ఇంత సర్వీసులో ఒక్క తప్పు చేయలేదు, చేయని తప్పులన్నీ నాకు తెలుసు. అన్నీ చేస్తా. చెప్పాపెట్టకుండా తిప్పుతా, ఆపాల్సిన చోట ఆపను, గోడ మీదికి తీసుకెళ్తా. నాన్నే కదా, ఆపుకుంటాడులే అనుకుంటావేమో, ఆపుకోను. నువ్వు ఆపు. రోడ్డు మీద కాదు, బస్సు డిపో వెనక ఖాళీ మైదానంలో. కాలు నొప్పెడితే నొప్పెడుతోందని చెప్పాలి. దాస్తే ఒప్పుకోను."

"చెబుతాను."

"అలసట వస్తే?"

"అదీ చెబుతాను."

"సరే. మరి ఎప్పుడంటావు?"

మా ఆవిడ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ముందు తలుపు తీసి, "మీరు వెనక కూర్చోండి," అని నాతో చెప్పింది. పక్క సీట్లో ముందు ఒళ్ళు వాల్చి, కుడికాలు లోపల పెట్టి, ఎడమకాలు కూడా తెచ్చుకుని సర్దుకుంది. సీటు వెనక్కి జరిపింది, మళ్ళీ కొంచెం ముందుకు జరిపింది. ఆ రెండో బ్రేకు మీద పాదం ఆనించి చూసుకుంది. అప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టింది, పాఠాలు చెప్పేటప్పటి గొంతుతో.

"రేపు పొద్దున ఆరింటికి, నాన్నా. మైదానం గేటు దగ్గర. మీరు ఆలస్యంగా వస్తే పాఠం రద్దు, స్టూడెంటుగారూ."